బీఎడ్, ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఉన్నవాళ్లకి అమెరికాలో టీచర్ రెసిడెన్సీ అవసరమా?

లెక్కలటీచర్:

నమస్తే అండీ అందరికీ. ఇక్కడ ఎప్పటినుంచో చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు, కొంచెం పెద్దదే, ఏమనుకోకండి.

నాది బీఎస్సీ ఎంపీసీ, తర్వాత ఎమ్మెస్సీ మ్యాథ్స్, తర్వాత పాత పద్ధతి ఏడాది బీఎడ్ (2015లో రెండేళ్లు చేశారు కదా, నేను అంతకుముందు బ్యాచ్). పెళ్లికి ముందు ఇండియాలో ఒక కార్పొరేట్ స్కూల్లో హైస్కూల్ క్లాసులకి లెక్కలు చెప్పేదాన్ని. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాం, మావారిది హెచ్1బీ వర్క్ వీసా, ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయింది, నాకు హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఈఏడీ, అంటే పని చేసుకునే పర్మిట్ కార్డు, ఉంది. పిల్లలిద్దరూ స్కూలుకి వెళ్తున్నారు కాబట్టి మళ్లీ టీచింగ్‌లోకి రావాలని గట్టిగా అనుకుంటున్నా. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నేర్చుకోమని చెప్పేవాళ్లు చెప్తూనే ఉన్నారు, అది నా వల్ల అయ్యే పని కాదు.

పిల్లల స్కూల్లో వాలంటీర్‌గా వెళ్తుంటే అక్కడ ఒక టీచర్ ఈ రెసిడెన్సీ గురించి చెప్పింది. స్కూల్ ఏడాది మొత్తం ఒక సీనియర్ టీచర్ క్లాసులోనే ఉండి ఆవిడ పక్కనే పని నేర్చుకోవాలి, దాంతోపాటే యూనివర్సిటీ కోర్సులు, చివర్లో క్రెడెన్షియల్ (టీచర్ లైసెన్స్), కొన్నిట్లో మాస్టర్స్ కూడా వస్తుందట. స్టైపెండ్ ఇస్తారు కానీ ఇక్కడి అద్దెలకి అది ఏ మూలకీ రాదు, పైగా అయ్యాక అదే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్లు నడిపే సంస్థ) కొన్నేళ్లు పనిచేస్తామని సంతకం పెట్టాలి. ఇంకో దారి ఇంటర్న్ క్రెడెన్షియల్, మొదటి రోజు నుంచే మన క్లాసు మనది, జీతం టీచర్ జీతమే, కోర్సులు సాయంత్రాలు చేసుకోవడం.

ఇంట్లో ఇంటర్న్ వైపే మొగ్గు. నాకేమో, నిజం చెప్పాలంటే, అన్నేళ్లు పాఠాలు చెప్పి ఇప్పుడు మళ్లీ ఇంకొకరి క్లాసులో ఏడాదిపాటు పక్కన నిలబడాలంటే కొంచెం మనసు ఒప్పట్లేదు, కానీ ఇక్కడి మిడిల్ స్కూల్ పిల్లల్ని చూస్తే భయం కూడా వేస్తోంది. రెసిడెన్సీ చేసినవాళ్లు గానీ దగ్గర్నుంచి చూసినవాళ్లు గానీ ఉంటే చెప్పండి ప్లీజ్. అసలు హెచ్4 మీద తీసుకుంటారా అన్నది కూడా.

---

డాలస్_బావ:

అమ్మా, సూటిగా చెప్తా, డబ్బులు వదులుకోకండి. మా ఆవిడ ఇక్కడ టెక్సాస్‌లో ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్‌లో చేరి, సబ్జెక్ట్ టెస్ట్ పాసై, ఇంటర్న్ సర్టిఫికెట్ మీద సైన్స్ టీచర్‌గా చేరింది, మొదటి నెల నుంచి జీతం. కష్టమా అంటే కష్టమే, మొదటి సెమిస్టర్ రోజూ కారులో కూర్చుని ఏడ్చి ఇంట్లోకి వచ్చేది, సంక్రాంతి దాటాక సర్దుకుంది. రెసిడెన్సీలు ఎవరికండీ, అప్పుడే కాలేజీ నుంచి బయటికొచ్చి క్లాసురూమ్ మొహం చూడని పిల్లలకి. మీరు కార్పొరేట్ స్కూల్లో నెట్టుకొచ్చిన మనిషి, మీకు మళ్లీ అప్రెంటిస్ ఏంటి.

లెక్క కూడా చూసుకోండి. ఒకవైపు స్టైపెండ్, అందులోంచి ట్యూషన్ ఫీజు, ఇంకోవైపు ఏడాది పూర్తి జీతం. ఆ తేడా మళ్లీ ఎప్పుడు పూడుతుంది? మాస్టర్స్ వస్తే జీతం స్కేల్‌లో ఎక్కువ జీతం కాలమ్‌కి మారతారు అంటారు, మీకు ఆల్రెడీ ఎమ్మెస్సీ ఉంది, ఎవాల్యుయేషన్ (మన డిగ్రీ ఇక్కడి దేనికి సమానమో తేల్చే రిపోర్ట్) సరిగ్గా వస్తే ఆ కాలమ్ ఎలాగూ మీదే కావచ్చు.

---

చాక్‌పీస్:

నేను రెసిడెన్సీ చేశాను, ఈస్ట్ కోస్ట్‌లో, మిడిల్ స్కూల్ మ్యాథ్స్. నాది కూడా ఇండియా బీఎడ్డే కాబట్టి మీ ప్రశ్న నా ప్రశ్నలాగే ఉంది, అందుకే వివరంగా రాస్తున్నా, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఈ ఐడియా ఎక్కడిదో చెప్తా, లేకపోతే దీన్ని స్టూడెంట్ టీచింగ్‌కే ఇంకో పేరు అనుకుంటారు. డాక్టర్లకి హౌస్ సర్జన్సీ, ఆపైన రెసిడెన్సీ ఉన్నట్టు టీచర్లకి కూడా ఉండాలని మొదలుపెట్టారు. చికాగోలో 2001లో, బోస్టన్‌లో 2003లో, డెన్వర్ వైపు 2004లో మొదటివి వచ్చాయి. పెద్ద సిటీ డిస్ట్రిక్టుల బాధ ఏంటంటే మ్యాథ్స్, సైన్స్, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి మనుషులు దొరకరు, దొరికినవాళ్లు రెండు మూడేళ్లలో వెళ్లిపోతారు. సరే మనకి కావలసినవాళ్లని మన స్కూళ్లలోనే మనమే తయారుచేసుకుందాం అనుకున్నారు. అందుకే స్టైపెండ్, అందుకే ఆ సర్వీస్ కండిషన్. చాలాచోట్ల వారంలో నాలుగు రోజులు మెంటర్ క్లాసులో, ఒక రోజు కోర్సులు, అదీ ఆగస్టులో స్కూల్ తలుపు తీసే రోజు నుంచి జూన్‌లో మూసేదాకా. ఆగస్టు అని ఎందుకు నొక్కి చెప్తున్నా అంటే క్లాసు ఎలా ఉంటుందో ఆ మొదటి రెండు మూడు వారాల్లోనే తేలిపోతుంది, జనవరిలో వెళ్లే స్టూడెంట్ టీచర్‌కి అప్పటికే ఇంకొకళ్లు నడుపుతున్న క్లాసు అందుతుంది, అది ఎలా అలా తయారైందో తెలియదు.

ఇక మన బీఎడ్ సంగతి. నలభై లెసన్లు టీచింగ్ ప్రాక్టీస్, రికార్డులు, చార్టులు, వెనక బెంచీలో కూర్చుని సంతకం పెట్టే అబ్జర్వర్, చెప్పిన లెసన్ల కంటే రాసిన లెసన్లే ఎక్కువ అని మీకు తెలుసు నాకు తెలుసు. ఆ తర్వాత స్కూల్లో చేరితే ఎవరూ మన క్లాసుకి వచ్చి చూడరు, వస్తే ఇన్‌స్పెక్షన్‌కే. నాకు అక్కడ పాఠం చెప్పడం వచ్చు, బోర్డు మీద నీట్‌గా స్టెప్పులు రాయడం వచ్చు, "అర్థమైందా" అంటే "అయింది టీచర్" అని క్లాసంతా అనేది. ఇక్కడ అది పనిచేయలేదు.

నా మెంటర్ మొదటి నెల నాకు పాఠం ఇవ్వనే లేదు. పిల్లలు లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి పేరుపెట్టి పలకరించడం, మొదటి ఐదు నిమిషాల చిన్న లెక్క చేయించడం, అంతే. నాకు లోపల మండిపోయేది. తర్వాత ఒకరోజు ఆవిడ సీటింగ్ చార్ట్ క్లిప్‌బోర్డుకి పెట్టుకుని వెనక కూర్చుంది, పీరియడ్ అయ్యాక నా చేతిలో పెట్టింది. నేను ఏ పిల్లాడితో మాట్లాడితే ఆ పేరు పక్కన ఒక గీత గీసింది. ముందు రెండు వరసలు గీతలతో నిండిపోయాయి, కిటికీ పక్క వరసలో ఒక్కటంటే ఒక్క గీత లేదు. తను ఒక్క మాట అనలేదు, నాకు చెప్పక్కర్లేకుండా అర్థమైంది.

ఇంకోటి, ఎగ్జిట్ టికెట్లు. పీరియడ్ చివర్లో చిన్న చీటీ మీద ఒక లెక్క చేసి ఇచ్చి వెళ్తారు. ఒకసారి ఇచ్చింది −3 − 5. లంచ్‌లో ఇద్దరం కూర్చుని చీటీలు విడదీస్తుంటే నేను కరెక్టు ఒక కుప్ప, తప్పు ఒక కుప్ప వేస్తున్నా, ఆవిడ నా తప్పుల కుప్ప తీసుకుని మళ్లీ మూడు కుప్పలు చేసింది. 8 అని రాసినవాళ్లు, −2 అని రాసినవాళ్లు, 2 అని రాసినవాళ్లు. 8 రాసినవాళ్లు "మైనస్ మైనస్ ప్లస్" అని బట్టీ పట్టి గుణకారం రూల్ తెచ్చి ఇక్కడ అంటించారు. −2 వాళ్లు పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి ముందు మైనస్ తగిలించారు. 2 వాళ్లకి మధ్యలో ఉన్న మైనస్ అసలు కనపడలేదు, −3కి 5 కలిపేశారు. మూడు కుప్పలకి మర్నాడు మూడు వేరే పనులు ఇచ్చాం. ఇండియాలో నేనైతే లెక్క మళ్లీ బోర్డు మీద మొదటినుంచి చేసి చూపించేదాన్ని, ఇంకొంచెం గట్టిగా.

దసరా టైమ్‌కి ఒక పీరియడ్, థాంక్స్‌గివింగ్‌కి రెండు, స్ప్రింగ్‌లో కొన్ని వారాలు మొత్తం రోజు నాదే, మెంటర్ వెనక. పాఠం వీడియో తీసి కలిసి చూడటం, అందులో రెండు నిమిషాలే తీసుకుని దాని మీదే గంట మాట్లాడటం. తల్లిదండ్రులకి ఫోన్ చేసి చెడు వార్త ఎలా చెప్పాలి, ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి వేసే చదువు ప్లాన్) మీటింగ్‌లో ఎప్పుడు మాట్లాడాలి ఎప్పుడు ఊరుకోవాలి, ఇవి ఏ కోర్సులోనూ ఉండవు.

అయితే ఇదంతా మంచి మెంటర్ దొరికితేనే. నా బ్యాచ్‌లో ఒకమ్మాయికి దొరకలేదు, ఏడాదంతా జిరాక్స్‌లు తీసి పేపర్లు దిద్దింది.

---

ఈఏడీ_బాధితుడు:

వీసా సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, లాయర్‌ని కాదు, లాయర్లకి డబ్బులు కట్టి కట్టి నేర్చుకున్నవాడిని.

హెచ్4 ఈఏడీ ఉంటే జీతం తీసుకుని పని చేయడానికి అడ్డు లేదు. కానీ కొన్ని రెసిడెన్సీలు అమెరికార్ప్స్ (ఫెడరల్ ప్రభుత్వ సేవా కార్యక్రమం) ద్వారా నడుస్తాయి, వాటికి సిటిజన్ గానీ గ్రీన్‌కార్డ్ గానీ ఉండాలి, మనకి కుదరదు. ఫెడరల్ టీచ్ గ్రాంట్ (టీచర్ కోర్సు చదివేవాళ్లకి ఇచ్చే సాయం) కూడా అంతే, మనకి రాదు, వచ్చినవాళ్లు కూడా 8 ఏళ్లలో 4 ఏళ్లు అవసరం ఉన్న స్కూల్లో పనిచేయకపోతే అది వడ్డీతో సహా లోన్ అయిపోతుంది. అందుకని అప్లై చేసేముందు ఈమెయిల్‌లో ఒకటే అడగండి, "మీ స్టైపెండ్ ఏ ఫండ్ నుంచి వస్తుంది, హెచ్4 ఈఏడీ వాళ్లకి అర్హత ఉందా" అని. ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా. ఫోన్‌లో అందరూ "ష్యూర్" అంటారు.

రెండోది ఇంకా ముఖ్యం. 2025 అక్టోబర్ 30 నుంచి ఈఏడీ రెన్యువల్ పెట్టినవాళ్లకి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు. ఇదివరకు పాత కార్డు అయిపోయినా, ఐ-94 (దేశంలో ఉండే గడువు రాసిన రికార్డు) ఉన్నంతవరకు, కొన్నాళ్లు పని చేసుకునే వెసులుబాటు ఉండేది. ఇప్పుడు కార్డు డేట్ అయిపోయిన రోజు ఆగిపోవాలి, కొత్తది వచ్చేదాకా. 180 రోజుల ముందే పెట్టొచ్చు కానీ మీది మీవారి హెచ్1బీ ఎక్స్‌టెన్షన్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి అది ఎప్పుడు తేలుతుందో దాన్నిబట్టే. రెసిడెన్సీ అంటే స్కూల్ ఏడాది మధ్యలో గ్యాప్ వస్తే గంటలు పోతాయి, సొంత క్లాసు ఉన్న ఇంటర్న్ అయితే క్లాసే పోతుంది. మీ కార్డు మీద డేట్ చూసుకుని, అది జూలైలో పడుతుందా ఫిబ్రవరిలో పడుతుందా అన్నది ముందు లెక్కేసుకోండి.

ఇంక ఆ సర్వీస్ కండిషన్. ఫెడరల్ టీచర్ క్వాలిటీ పార్టనర్‌షిప్ గ్రాంటుతో నడిచేవాటిలో 3 ఏళ్లు, లేకపోతే స్టైపెండ్ వెనక్కి కట్టాలి. కాలిఫోర్నియా 2018లో రాష్ట్రం డబ్బుతో గ్రాంటు పెట్టినప్పుడు చట్టంలో 4 ఏళ్లు అని రాసింది. మీవారి ఉద్యోగం పోయి ఇంకో స్టేట్‌కి వెళ్లాల్సి వస్తే? ఆ కాగితంలో ఇమిగ్రేషన్ కారణాలకి మినహాయింపు ఉందా లేదా చదవకుండా సంతకం పెట్టకండి.

---

డాలస్_బావ:

చూశారా, ఇదే నేను చెప్పేది. సంతకం పెట్టి ఇరుక్కోవడం దేనికి. ఇంటర్న్ అయితే ఏ ఊరెళ్లినా మీ ఎక్స్‌పీరియన్స్ మీతో వస్తుంది.

---

రీసెర్చ్‌బుర్ర:

బావగారూ, మీరు డబ్బు లెక్క ఒక్క ఏడాదికే వేస్తున్నారు. నేను ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, ఈ టాపిక్ నా పరిధికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి రెండు ముక్కలు.

బోస్టన్ రెసిడెన్సీ మీద 2012లో ఒక మంచి స్టడీ అచ్చయింది, హార్వర్డ్ వాళ్లతో సహా చేసింది. దాంట్లో ఫలితాలు రెసిడెన్సీ అభిమానులకీ పూర్తిగా నచ్చవు, విమర్శకులకీ పూర్తిగా నచ్చవు. రెసిడెన్సీ నుంచి వచ్చినవాళ్లు మొదటి ఏడాది ఇంగ్లిష్‌లో మిగతా కొత్త టీచర్లంతే, మ్యాథ్స్‌లో అయితే పిల్లల టెస్ట్ స్కోర్ల ప్రకారం కొంచెం వెనకే ఉన్నారు. అవును, ఏడాది అప్రెంటిస్ చేసి వచ్చి కూడా. కానీ మ్యాథ్స్‌లో వాళ్లు పెరిగే వేగం ఎక్కువ, నాలుగు ఐదు ఏళ్లకి వచ్చేసరికి అదే డిస్ట్రిక్ట్‌లోని సీనియర్ టీచర్లని కూడా దాటారు. ఐదో ఏడాదికి అదే డిస్ట్రిక్ట్‌లో మిగిలినవాళ్లు 75 శాతం, మామూలు దారిలో వచ్చినవాళ్లలో 51 శాతం. స్కోర్ల భాగంలో చూసిన టీచర్ల సంఖ్య మాత్రం చిన్నదే, దాన్ని పట్టుకుని మరీ ఊగిపోకూడదు. పైగా అక్కడే ఉండిపోవడంలో సంతకం చేసిన ఒప్పందం పాత్ర ఎంత, శిక్షణ పాత్ర ఎంత అన్నది విడదీయడం తేలిక కాదు.

నాకు అందులో ఆసక్తిగా అనిపించింది ఆ మొదటి ఏడాది వెనకబాటు. చాక్‌పీస్ గారు రాసిన మూడు కుప్పల సంగతి చూడండి, అలా పనిచేయడం మొదట్లో నెమ్మదిగా ఉంటుంది, సిలబస్ కూడా వెనకబడొచ్చు. అలవాటైతే దాని ఫలితం తర్వాత వస్తుందేమో అన్నది నా ఊహ, స్టడీ చెప్పిన మాట కాదు.

ఇంకోటి, డబ్బు భద్రత. 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ ప్రభుత్వం ఈ టీచర్ ట్రైనింగ్ గ్రాంటులు చాలావాటిని మధ్యలోనే రద్దు చేసింది, కాలిఫోర్నియాతో సహా కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి, ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు 5-4తో ప్రభుత్వం వైపు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అందుకని ఏ ప్రోగ్రామ్‌నైనా "నా స్టైపెండ్ ఈ ఏడాది చివరిదాకా గ్యారంటీయేనా, ఫండ్ ఆగితే ఎవరు ఇస్తారు" అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. కాలిఫోర్నియాలో రాష్ట్రం సొమ్ము వేరుగా ఉంది, 2018లో 7.5 కోట్ల డాలర్లు, 2021లో ఇంకో 35 కోట్ల డాలర్లు పెట్టారు, ఆ రకంగా మీరు కాస్త మెరుగైన చోటే ఉన్నారు.

ఇవి కాక 2022 నుంచి రిజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్ అని ఇంకో రూపం వచ్చింది, ఎలక్ట్రీషియన్లకీ ప్లంబర్లకీ ఉండే అదే లేబర్ డిపార్ట్‌మెంట్ పద్ధతి. టెన్నెసీ మొదటి రాష్ట్రం. అది ఎక్కువగా డిగ్రీ లేని టీచర్ ఎయిడ్‌లు (క్లాసు సహాయకులు) జీతం తీసుకుంటూనే టీచర్లు అవడానికి, మీకు అంత పనికిరాదు.

---

రూమ్_నంబర్_12:

నేను కాలిఫోర్నియాలోనే పబ్లిక్ స్కూల్ టీచర్‌ని, మెంటర్‌గా రెసిడెంట్లని నా క్లాసులో పెట్టుకున్నదాన్ని. అమ్మాయ్, నీకు ఇక్కడ ఎవరూ చెప్పని మూడో దారి ఒకటుంది, ముందు అది చూసుకో. బయట దేశంలో టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసినవాళ్లకి సీటీసీలో (ఈ రాష్ట్రంలో టీచర్ లైసెన్సులిచ్చే కమిషన్) వేరే అప్లికేషన్ ఉంటుంది. నీ డిగ్రీలతోపాటు బీఎడ్‌ని కూడా ఎవాల్యుయేషన్‌కి పంపు, సీటీసీ ఒప్పుకున్న ఏజెన్సీల లిస్ట్ వాళ్ల సైట్‌లో ఉంటుంది, ఆ లిస్ట్‌లో ఉన్నదానికే పంపు. ఇక్కడి టీచర్ ప్రిపరేషన్‌తో సమానం అని తేలితే నేరుగా ప్రిలిమినరీ (మొదటి దశ) క్రెడెన్షియల్‌కే అప్లై చేయొచ్చు, రెసిడెన్సీ అక్కర్లేదు ఇంటర్నూ అక్కర్లేదు. తేలకపోతే అప్పుడు మిగతా రెండు దారులు ఎలాగూ ఉన్నాయి. సబ్జెక్టుకి సీసెట్ అనే పరీక్ష రాయాలా, నీ ఎమ్మెస్సీతో సరిపోతుందా అన్నది కూడా ఆ కాగితం చూశాకే తేలుతుంది. బేసిక్ స్కిల్స్ టెస్ట్ గొడవ 2024లో పోయింది, డిగ్రీ ఉంటే చాలు.

కానీ క్రెడెన్షియల్ వచ్చినంత మాత్రాన ఇక్కడి ఏడో క్లాసు వచ్చినట్టు కాదు. చాక్‌పీస్ చెప్పింది అక్షరాలా నిజం. మన దగ్గర్నుంచి వచ్చిన లెక్కల టీచర్లలో నేను చూసేది ఒకటే, లెక్క మీద పట్టు అద్భుతంగా ఉంటుంది, పిల్లాడు తప్పు చెప్పగానే సరైనది చెప్పేస్తారు. వాడు ఎందుకు అలా అనుకున్నాడో వినే ఓపిక రావాలి, అది కొంచెం ఆలస్యంగా వస్తుంది.

రెసిడెన్సీనే ఎంచుకుంటే ప్రోగ్రామ్ పేరు చూడకు, ఇవి అడుగు. మెంటర్‌ని ఎవరు ఎంచుకుంటారు, ఎలా? ప్రిన్సిపాల్ చేతికి అందినవాళ్లని ఇస్తే ఒకలా ఉంటుంది, మెంటర్ పాఠం చూసి ఎంచుకుంటే ఒకలా ఉంటుంది. మెంటర్‌కి దీనికోసం డబ్బు గానీ టైమ్ గానీ ఇస్తారా? నాకు మొదట్లో ఏమీ ఇవ్వలేదు, నా ప్రిపరేషన్ పీరియడ్‌లోనే ఆ అమ్మాయితో కూర్చునేదాన్ని, నా పేపర్లు ఇంటికొచ్చేవి. మెంటర్‌తో పడకపోతే మార్చుతారా, ఎన్ని వారాల్లో? ఇక అన్నిటికంటే ముఖ్యం, రెసిడెంట్‌ని సబ్‌గా పంపుతారా అన్నది. ఏ టీచరైనా సెలవు పెడితే "ఇదిగో మన దగ్గర ఒక మనిషి ఖాళీగా ఉంది కదా" అని పక్క క్లాసుకి తోసేస్తారు. నెలకి ఒకసారైతే పర్లేదు, మా బిల్డింగ్‌లో ఒక శీతాకాలం ఫ్లూ వచ్చినప్పుడు నా రెసిడెంట్ నా క్లాసులో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ అయ్యాయి, నేను ఆఫీసుకెళ్లి గొడవ పడితే గానీ ఆగలేదు. సబ్ చేసినందుకు విడిగా డబ్బు ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి, కొంతమంది రెసిడెంట్లకి అది కావాలి కూడా, కానీ పరిమితి కాగితం మీద ఉండాలి.

ఇంటర్న్‌ని మరీ తీసిపారేయకండి. కాలిఫోర్నియాలో ఇంటర్న్‌గా క్లాసులోకి వెళ్లేముందు 120 గంటల ప్రీ-సర్వీస్ ఉండాలి, చేరాక ఏడాదికి కనీసం 144 గంటల సపోర్ట్ ఇవ్వాలని రూల్. రూల్ అంటే రూలే, ఆ గంటలు నిజంగా ఎవరైనా వచ్చి పక్కన కూర్చున్నవా, ఫారంలో నింపినవా అన్నది స్కూల్‌ని బట్టి. మంచి డిపార్ట్‌మెంట్ ఉన్న స్కూల్లో ఇంటర్న్, చెత్త మెంటర్ ఉన్న రెసిడెన్సీ, రెండిట్లో ఏదంటే నేను ఇంటర్నే అంటాను.

---

చాక్‌పీస్:

అక్కా, ఆ సబ్ సంగతి మీరు రాసినందుకు దండం. మా బ్యాచ్‌లో సగం గొడవలు దాని గురించే.

---

లెక్కలటీచర్:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. మావారికి కూడా చదివి వినిపించాను, −3 − 5 దగ్గర ఆయన మా పెద్దోణ్ణి పిలిచి చేయమన్నారు, వాడు 8 అన్నాడు. నేనే నేర్పించాను వాడికి.

నా కార్డు వచ్చే ఏడాది నవంబర్‌లో అయిపోతుంది, అంటే ఏ దారి పట్టినా సరిగ్గా మధ్యలో పడుతుంది, అది ఇప్పటిదాకా ఆలోచించనే లేదు. బయట దేశం అప్లికేషన్ సంగతి కూడా తెలియదు. అక్కా, రెండు ప్రశ్నలు. ఒకటి, నాది మూడేళ్ల బీఎస్సీ కదా, దాన్ని ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీతో సమానం అంటారా? రెండు, నేరుగా క్రెడెన్షియల్ వచ్చేస్తే రెసిడెన్సీలో మెంటర్ దగ్గర నేర్చుకునేది మిస్ అయిపోతాను కదా, దానికి వేరే ఏదైనా మార్గం ఉందా? డాలస్ బావగారూ, కోప్పడకండి, మీ ఆవిడ గారు ఆ మొదటి సెమిస్టర్ ఎలా గట్టెక్కారో కూడా చెప్పండి.

---

డాలస్_బావ:

కోపమేం లేదమ్మా. ఆవిడనే అడిగా. పక్క రూమ్‌లో ఒక పెద్దావిడ ఉండేదట, రోజూ స్కూల్ అయ్యాక వెళ్లి "ఇవాళ ఇలా అయింది, ఏం చేయాలి" అని అడిగేదట, ఆవిడ లేకపోతే డిసెంబర్‌లో మానేసేదాన్నని ఇప్పుడు చెప్తోంది. ఇన్నాళ్లూ ఆ మాట నాకు చెప్పలేదు. సరే, నా వాదన కొంచెం తగ్గిస్తున్నా, డబ్బు లెక్క మాత్రం అలాగే ఉంది.

ఒక విషయం, కాలిఫోర్నియా టీచర్లకి సోషల్ సెక్యూరిటీ కట్ అవ్వదు, బదులు కాల్‌స్టర్స్ పెన్షన్, అది చేతికి రావాలంటే 5 ఏళ్ల సర్వీస్ ఉండాలి. ఎన్నాళ్లు ఆ స్టేట్‌లో ఉంటారో తెలియని మనలాంటివాళ్లు అది కూడా చూసుకోవాలి.

---

రూమ్_నంబర్_12:

మూడేళ్ల బీఎస్సీ ఒక్కటే పంపితే కొన్ని ఏజెన్సీలు బ్యాచిలర్స్ అనవు. బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీఎడ్ మూడూ కలిపి పంపు, కోర్స్ బై కోర్స్ రిపోర్ట్ అడుగు, మామూలు డాక్యుమెంట్ రిపోర్ట్ సరిపోదు. ఎమ్మెస్సీ తోడైతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. మార్కుల మెమోలు నీ దగ్గరున్నా ఏజెన్సీలు చాలావరకు యూనివర్సిటీ నుంచి నేరుగా వచ్చిన సీల్డ్ ట్రాన్స్‌క్రిప్ట్సే అడుగుతాయి, ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ తిరగడానికి ఊళ్లో తమ్ముడో బావగారో ఎవరైనా ఉంటే ఈ వారమే పని అప్పచెప్పు. ఈ మొత్తంలో ఎక్కువ ఆలస్యం అక్కడే అవుతుంది, ఇక్కడ కాదు.

రెండోదానికి, క్రెడెన్షియల్ నేరుగా వచ్చినా ప్రిలిమినరీనే కదా, 5 ఏళ్లలో క్లియర్ చేసుకోవాలి, దానికి ఇండక్షన్ అని రెండేళ్లు ఉంటుంది, అందులో మెంటర్ ఉంటారు. కానీ వాళ్లు వారానికి ఒక గంట మాట్లాడేవాళ్లు, రోజంతా నీ పక్కన ఉండేవాళ్లు కారు. అందుకని ట్రాన్స్‌క్రిప్ట్స్ వచ్చేలోపు ఖాళీగా ఉండకుండా డిస్ట్రిక్ట్‌లో సబ్ పర్మిట్ గానీ టీచర్ ఎయిడ్ పని గానీ చూడు, దానికి కూడా డిగ్రీ ఎవాల్యుయేషన్, ఫింగర్‌ప్రింట్స్ అడగొచ్చు. మిడిల్ స్కూల్ మ్యాథ్స్ రూమ్‌లోనే ఎయిడ్ దొరికితే వదలకు, అక్కడ మంచి టీచర్ ఉంటే ఆ ఏడాది నీకు సగం రెసిడెన్సీ. రెసిడెన్సీ వాళ్ల ఇన్ఫో సెషన్‌కి కూడా వెళ్లు, వెళ్లి "మీ మెంటర్ క్లాసులో ఒక పూట కూర్చోవచ్చా" అని అడుగు. ఒప్పుకోని ప్రోగ్రామ్‌కి అప్లై చేయకు.

---

ఈఏడీ_బాధితుడు:

నవంబర్ అంటే దాదాపు మే నెలలో ఫైల్ చేయొచ్చు, మీవారి ఎక్స్‌టెన్షన్ కూడా అప్పుడే పెట్టమని ఆయన కంపెనీ లాయర్‌కి ఇప్పుడే ఈమెయిల్ కొట్టించండి. కార్డు డేట్ నుంచి 180 రోజులు వెనక్కి లెక్కేసి ఆ రోజు రాగానే పెట్టండి, స్కూల్ సెలవులిచ్చాక చూద్దాం అనుకోకండి.